రమకు దారి, రాముకు అడ్డు

జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో కొత్త సైటు మొదలుపెట్టి, దాంతో పాటే వచ్చే యూజర్‌నేమ్ గడిలో తెలుగులో ‘రమ’ అని కొట్టండి. తీసుకుంటుంది. ‘రాము’ అని కొడితే మాత్రం, అక్షరాలూ అంకెలూ కొన్ని గుర్తులూ తప్ప వాడొద్దని వెనక్కి పంపుతుంది. కమల లోపలికి వెళ్తుంది, శారద గుమ్మంలోనే ఆగిపోతుంది.

ఆ గడిని కాసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఉంది. పైథాన్‌లో దాని కింద అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ వస్తాయి. ‘ర’ అక్షరమే. దానికి తగిలించిన దీర్ఘం మాత్రం యూనికోడ్ లెక్కలో అక్షరం కాదు, అక్షరాన్ని అంటుకునే గుర్తు. గుడికీ కొమ్ముకీ పొల్లుకీ అదే గతి. తమాషా ఏమిటంటే, వయసు అడిగే ఇంటీజర్‌ఫీల్డ్‌కు ‘౨౫’ అని పంపితే సర్వర్ దాన్ని ఇరవై అయిదుగా చదువుకుని కిమ్మనదు. మనం దాదాపు మరిచిపోయిన తెలుగు అంకెలకున్న మన్నన, రోజూ పిలుచుకునే పేర్లకు లేదు.

జాంగో మీద నాకు కోపం లేదు. కాన్సాస్‌లోని లారెన్స్ ఊళ్లో ఒక పత్రికాఫీసులో పుట్టి 2005లో బయటికొచ్చిన ఫ్రేమ్‌వర్క్ అది. ఫారాల విషయంలో క్రమశిక్షణ నాకు నేర్పిందీ అదే. బ్రౌజర్ చేసే తనిఖీ నింపేవాళ్ల సౌకర్యానికే. బ్రౌజర్ లేకుండానే సర్వర్‌కు ఏదైనా పంపొచ్చు కాబట్టి అసలు తనిఖీ అక్కడే జరగాలి. వచ్చిన రాతను జాంగో ముందు తేదీగానో అంకెగానో మారుస్తుంది, తర్వాత వ్యాలిడేటర్లు, ఆపైన ఆ గడికి మనం రాసుకున్న క్లీన్ మెథడ్, చివరికి ఫారం మొత్తానికి క్లీన్. పెళ్లి తేదీ పుట్టిన తేదీకి ముందుండకూడదన్న రూలు ఈ చివరి మెట్టు మీదే పెట్టాలి. అక్కడొక గుంట ఉంది: పుట్టిన తేదీ ముందే ఫెయిలై ఉంటే, తనిఖీ దాటిన విలువలుండే క్లీన్డ్ డేటాలో అది అసలు కనిపించదు. ఉందనుకుని తీయబోతే కీఎర్రర్‌తో పేజీ కూలుతుంది.

ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి అన్నది మాత్రం ఏ ఫ్రేమ్‌వర్కూ చెప్పదు. ఆధార్ 12 అంకెల్లో చివరిది వెర్‌హోఫ్ పద్ధతిలో వచ్చే తనిఖీ అంకె. ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా దొరికిపోతుంది. అలాంటి చోట ఎంత బిగించినా తప్పులేదు. పేరుకు అలాంటి లెక్కేమీ లేదు. ఖాళీగా వదిలేశారా, డేటాబేస్‌లో పట్టనంత పొడుగుందా అని చూస్తే చాలు. అంతకు మించి నేనైతే చూడను. ఆ పొడుగులోనూ ఉదారంగా ఉండాలి: మన నోటికి రెండక్షరాల ‘లక్ష్మి’ని పైథాన్ ఏడుగా లెక్కపెడుతుంది. ఇక ‘ఇంటిపేరు కనీసం మూడక్షరాలు’ అని పట్టుబట్టే ఫారాలను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టుకునేవాళ్లు మనలో ఎంతమంది!

తిప్పి పంపక తప్పనప్పుడు కారణమైనా చెప్పాలి. ‘చెల్లని విలువ’ అంటే అవతలివాళ్లు దేన్ని సరిచేసుకోవాలి? ‘పిన్‌కోడ్‌లో ఆరు అంకెలుండాలి, మీరు ఐదే ఇచ్చారు’ అని రాయడానికి వ్యాలిడేషన్‌ఎర్రర్‌లో చోటుకేం కరువు లేదు.