ఉసిరి తోడైన పసరు

రక్తము క్షీణించి మొగము తెల్లబాఱిన ఆడుబిడ్డకు ఆకును దంచి పసరు పిండి త్రావించుట మన యిండ్లలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఆయుర్వేదము ఔషధములను సిద్ధపఱచు మార్గములను ఐదుగా విభజించి, స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అని వానికి పేరులిడి, పచ్చి మూలికను నిప్పు తగులనీయక నలుగగొట్టి గుడ్డతో పిండగా దిగు స్వరసమును అన్నిటికంటె ముందు నిలిపినది. నేడు రోలునకు మాఱుగా మిక్సీ వచ్చినది, పని సులభమైనది. కాని ఏ ఆకునకు ఏ పులుపు తోడు చేయవలెను, ఎంతవఱకు వడకట్టవలెను, ఏ వేళ త్రాగవలెను అను వివేకము పనిముట్టుతోడ రాలేదు. ఇనుము కొఱకై రసము త్రాగువారికి ఆ వివేకమే ప్రధానము.

దీని యావశ్యకత ఎంతటిదో తెలియుటకు ఒక్క లెక్క చాలును. 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మంది, తెలంగాణమున 57.6 మంది అని తేలినది. ఈ వ్యాధికి కారణములు పెక్కు గలవు గాని, వానిలో ఇనుపలోటు ముఖ్యమైనది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రమాణము ననుసరించి స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాములు, పురుషునికి 19 మిల్లీగ్రాములు ఇనుము ఆహారమునుండి అందవలెను. నెలనెలా రక్తము కోల్పోవు స్త్రీకి అధికముగా కావలసియుండగా, ఇంటిల్లిపాది తినిన పిదప మిగిలిన కూరతో సరిపెట్టుకొను నలవాటు ఇంకను అనేక గృహములలో ఆమెకే తప్పుట లేదు. ఇది మనసును నొప్పించు సంగతి.

ఆకుకూరలలో ఇనుము లేకపోలేదు. నూఱు గ్రాముల తోటకూరలో నాలుగు మిల్లీగ్రాములకు పైబడి, మునగాకులో ఇంచుమించు అంతే, కరివేపాకులో ఎనిమిదికి మించి యుండును. అయితే శాకములలోని యినుము ప్రేగులలో సులభముగా కరగి రక్తమున చేరునది కాదు; తినినదానిలో పదవ వంతైనను ఒంటికి పట్టుట అరుదు. ఆ యినుమును కరగు స్థితికి మార్చి, ప్రేగుగోడ స్వీకరించుటకు అనువుగా నిలుపునది సి-విటమిను. ఉసిరికాయలో, జామపండులో అది నూఱు గ్రాములకు రెండువందల మిల్లీగ్రాములకు పైగా ఉండును. వరియన్నపు భోజనముతో జామపండు తినిపించి కౌమారవయస్కులలో ఇనుపగ్రహణమును కొలిచిన జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులకు, పండు లేని భోజనముకంటె పండుతోడి భోజనమునుండి ఇనుము గణనీయముగా హెచ్చి చేరినట్లు కనబడినది. మన ప్రాచీనులకు విటమినుల జ్ఞానము లేకున్నను, రక్తము క్షీణించు పాండురోగమునకు చరకసంహిత విధించిన నవాయసచూర్ణములో లోహముతోపాటు త్రిఫలములు కలవు; ఆ మూడింటిలో ఉసిరిక యొకటి. అనుభవము వారిని ఏ త్రోవను నడపినదో గాని, లోహమును ఉసిరితో జత చేసిన వారి చేతికి నమస్కరింపవలసినదే.

ఈ సందర్భమున బీట్‌రూటును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. దాని రసము నెత్తుటివలె ఎఱ్ఱగా నుండుటచేత అది నెత్తురునే పెంచునని జనులు విశ్వసించి, దినదినము గ్లాసెడేసి త్రాగుదురు. ఆ యెఱుపు బీటానిన్ అను వర్ణద్రవ్యమునది. దానికిని ఇనుమునకును సంబంధము లేదు. నూఱు గ్రాముల దుంపలో ఇనుము ఒక మిల్లీగ్రామైనను నిండదు. తీపికి, రంగునకు, పసరు వాసనను అణచుటకు దానిని కొంచెము చేర్చుకొనుట మంచిదే. దానినే నమ్ముకొని తోటకూరను విడుచుట మాత్రము తగదు.

ఇక రసము తీయు విధానము. లేత తోటకూర గుప్పెడు, అనగా సుమారు ఏబది గ్రాములు తీసికొని, ముదురు కాడలను త్రుంచివేసి, ఉప్పునీటిలో జాడించి, మన్ను అడుగున దిగువఱకు రెండుమూడు మాఱులు నీరు మార్చి కడుగవలెను. స్వరసమునకు నిప్పు తగులరాదని శాస్త్రము చెప్పినను, ఆహారముగా త్రాగు ఆకురసమునకు ఆకును మరుగు నీటిలో ఒక నిమిషము ముంచి తీసి ఆ నీటిని పాఱబోయుటయే మేలని నా అభిప్రాయము. క్రిములు నశించును, ఆక్సాలికామ్లము కొంత తొలగును. అందువలన ఆకులోని సి-విటమిను కొంత పోవును గనుక, ఆ లోటును పచ్చి పులుపుతో పూరింపవలెను. ఒక పెద్ద ఉసిరికాయను గింజ తీసి ముక్కలు చేసి, ఆకుతో కలిపి, చిటికెడు జీలకఱ్ఱ, రెండు అల్లపు పలుకులు చేర్చి, కొద్ది నీటితో మెత్తగా నూఱవలెను. మిక్సీలో నూఱినచో ఆపి ఆపి త్రిప్పవలెను. ఎడతెగక త్రిప్పినచో వేడెక్కి, నుఱుగు లేచి, రసము త్వరగా రంగు మాఱును. నూఱిన ముద్దను పలుచని గుడ్డలో మూటగట్టి మెలిపెట్టినప్పుడు మొదట చిక్కని పచ్చరసము ధారగా దిగును. ఆ పిమ్మట దిగునది వట్టి నీరు. గట్టిగా పిండి తేటపఱచినకొలది పీచుతోపాటు ఇనుమును పిప్పిలోనే నిలిచిపోవును గనుక, నాలుకకు కొంచెము గరగరలాడినను జల్లెడతో వడకట్టుటే ఉత్తమము.

కార్తికమునుండి మాఘమువఱకు ఉసిరికి కొదువ లేదు. తక్కిన కాలములలో నిమ్మపండు చాలును; దానిని గింజలు పడకుండ, త్రాగబోవు క్షణమున పిండవలెను. పుల్లని రసమును కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో పోయరాదు. చిలుము పుట్టి విషమగును. గాజు గ్లాసో, స్టీలు గ్లాసో శ్రేయము. నిలువయుంచుట వలదు. గాలి తగిలినకొలది సి-విటమిను క్షీణించును. ఉదయము తీసి సాయంకాలము త్రాగు రసములో మనము కోరినది చాల తఱిగియుండును. తీపి కావలసిన పిల్లలకు శ్రీరామనవమి పానకములోవలె కొంచెము బెల్లము కలుపవచ్చును.

త్రాగు వేళ రసమంత ముఖ్యమైనది. పప్పన్నములోని యినుమునకును ఈ పులుపు తోడ్పడును గనుక, భోజనముతోనో, భోజనమునకు ముందుగనో త్రాగవలెను. టిఫిను ముగియగనే కాఫీ, అన్నము తినగనే టీ త్రాగు అలవాటు మనవారిలో బలముగా నాటుకొన్నది. వానిలోని పదార్థములు ఇనుమును బంధించి, ఒంటికి పట్టనీయవు. గంటసేపైనను ఎడమియ్యవలెను. పాలను ఈ రసములో కలుపుటయు అట్టి కారణముచేతనే తగదు.

ఇంతమాత్రముచేత రసము మందు కాదు. పైని చెప్పిన గుప్పెడాకు మొత్తములోనే ఇనుము ఇంచుమించు రెండు మిల్లీగ్రాములు. గర్భిణులకు ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చు మాత్ర ఒక్కదానిలో 60 మిల్లీగ్రాములు గలవు. ఆయాసము, గుండెదడ, పాదముల వాపు కనబడినవారు వైద్యుని యొద్దకు పోవలెనే గాని పసరుతో కాలము పుచ్చరాదు. మూత్రపిండములలో రాళ్ళు గలవారును, తలసీమియా వ్యాధి గలవారును వైద్యుని యనుమతి లేక ఈ రసముల జోలికి పోవలదు.

పిప్పిని మాత్రము పాఱవేయకుడు. ఆకులోని యినుము కొంత అందే నిలిచియుండును. దానిని కందిపప్పులోనో, దోసెపిండిలోనో కలుపవచ్చును. అంతకంటె మేలైన దారి, ఇనుప మూకుటిలో పోపు పెట్టి, పిప్పిని వేసి, చింతపండు పులుసు చిలకరించి మగ్గబెట్టుట. పులుపు సోకిన మూకుడు తనలోని యినుమును కొంత కూరకు విడుచును. ఉడికిన వెంటనే వేఱు గిన్నెలోనికి తీయవలెను. మూకుటిలోనే నిలిచినచో కూర నల్లబడి కనరెక్కును.