గోడ మీది ఎరుక

ఒకే గదిలో పదిమంది పని చేస్తున్నప్పుడు పక్కవారు ఏ పనిలో ఉన్నారో తెలిసి ఉండటం వల్లనే ఎవరి పని వారికి సవ్యంగా సాగుతుంది. కంప్యూటర్ శాస్త్రంలో దీనికి అవేర్‌నెస్ అని పేరు. 1992లో పాల్ డౌరిష్, విక్టోరియా బెలొటీ రాసిన పత్రం దీన్ని, తోటివారి పనుల గురించి తెలియడం ద్వారా మన పనికి ఏర్పడే సందర్భంగా వివరించింది. ‘చైతన్యం’ అన్న బరువైన అనువాదం కంటే ‘ఎరుక’ అన్న పాత మాటే దీనికి బాగా అమరుతుంది. అందులో తెలివిడితో పాటు పరిచయమూ ఉంది.

అదే సంవత్సరం క్రిస్టియన్ హీత్, పాల్ లఫ్ లండన్ భూగర్భ రైల్వేలోని బేకర్లూ లైను నియంత్రణ గదిపై తమ అధ్యయనాన్ని ప్రచురించారు. గోడ మీద లైను మొత్తాన్ని చూపే పటం, రైళ్ళ కదలికను తెలిపే దీపాలు. ఎదురుగా కంట్రోలరు, ఆయన పక్కనే, ప్రయాణికులకు ప్రకటనలు చేసే సహాయకుడు. కంట్రోలరు డ్రైవరుతో మాట్లాడుతుండగానే, ఎవరూ చెప్పకముందే, సహాయకుడు పటం వంక చూసి ప్రకటనకు సిద్ధమవుతాడు. టైంటేబులు మార్చవలసి వచ్చినప్పుడు కంట్రోలరు ఆ మార్పులను తనలో తాను అనుకుంటున్నట్టుగా పైకి చదువుతాడు. ఆ మాటలు ఎవరినీ ఉద్దేశించినవి కావు. అయినా పక్కవాడి చెవిన పడతాయి.

ఈ అధ్యయనాన్ని గౌరవంగా ఉటంకించిన తరువాతి తరం చాలావరకు గోడను తీసుకుని చెవిని వదిలేసింది. 2001లో సాల్ గ్రీన్‌బర్గ్, మైకేల్ రౌండింగ్‌ల నోటిఫికేషన్ కొలాజ్ గానీ, 2003లో ఎలేన్ హువాంగ్, ఎలిజబెత్ మైనాట్ ప్రతిపాదించిన సెమీ పబ్లిక్ డిస్‌ప్లేలు గానీ, చిన్న బృందాల సమాచారాన్ని పెద్ద తెరకు ఎక్కించిన ప్రయత్నాలే. అవి తెలివైనవి. కాని బేకర్లూ గదిలో కంట్రోలరు పని చేయడమే ఎరుకను కలిగించింది; ఇక్కడ ఎరుక కోసం విడిగా ఒక చీటీ అంటించాలి. పని ఒత్తిడి పెరిగిన రోజున మొదట ఆగిపోయేది ఆ అంటించడమే.

హువాంగ్ బృందమే 2006లో ఇలాంటి తెరల జయాపజయాలను పరిశీలించి, వాడుక సులువుగా ఉండటం, ఇతరులు వాడుతుండగా కంటబడటం ముఖ్యమని గుర్తించడం వారి నిజాయితీకి నిదర్శనం. అంగారకుడిపై 2004లో దిగిన రోవర్ల బృందానికి నాసా సమకూర్చిన మెర్‌బోర్డులపై వారి పరిశీలన మరింత విలువైనది: ఒక తెర వాడుక తగ్గినంత మాత్రాన అది విఫలమైనట్టు కాదు, చుట్టూ ఉన్న ఇతర తెరలతో కలిపి చూడాలి. తాకిన సార్లు లెక్కపెట్టే పద్ధతికి ఓరచూపు అందదు.

అయితే ఈ సాహిత్యం తగినంత పట్టించుకోని సంగతి ఒకటుంది. కాల్ సెంటర్ల గోడల మీద కూడా పెద్ద తెరలున్నాయి. వేచివున్న కాల్స్ ఎన్నో అందరికీ కనిపిస్తుంటుంది. అది తోటివారికి ఎరుకా, పై అధికారికి నిఘానా? బేకర్లూ కంట్రోలరు ఏది పైకి చదవాలో, ఏది గొంతు తగ్గించి అనాలో తానే నిర్ణయించుకోగలిగాడు. ఆ తెరల కింద కూర్చున్నవారికి ఆ వీలు లేదు.