తంగేడుకు చోటివ్వండి

చిత్తూరు నుంచి గుడియాత్తం పోయే దారిలో, పరదరామి చుట్టుపక్కల గుట్టల కింద తంగేడు పొదలు కనిపిస్తాయి. పక్కనున్న గడ్డి మాడిపోయినా వాటి కొమ్మల చివర పసుపు గుత్తులు తగ్గవు. తెలంగాణ దీన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది, బతుకమ్మలో పేర్చుకుంటుంది. మన వైపు మాత్రం కంప కిందే లెక్క. నర్సరీ నుంచి క్రోటన్లు తెచ్చుకుని, వేసవంతా వాటికి ట్యాంకరు నీళ్లు పోస్తాం.

ఈ సీమ తంగేడుకు రుణపడింది. వేలూరు వైపు తోళ్లు పదును చేయడానికి ఒకప్పుడు వాడింది దీని చెక్కే. ఆ తోలు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండు దాకా పోయేది. తర్వాత ఆ చెక్కకు బదులు క్రోమియం వచ్చింది. తోళ్ల ఫ్యాక్టరీల మురుగుతో పాలారు నది ఎంత పాడైందో 1996లో సుప్రీంకోర్టు తీర్పే చెప్పింది.

నేను తంగేడును గింజ నుంచే పెంచుతాను. ఎండిన కాయ కాగితంలా పలచగా ఉంటుంది. లోపలి గింజ పెంకు గట్టిది, ఊరికే నీరు పీల్చదు. గరుకు రాతిమీద కాస్త రుద్ది, వేడినీళ్లలో వేసి రాత్రంతా అలాగే ఉంచుతాను. ఉబ్బినవాటిని వానలకు ముందు, చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే పెడతాను. వేరు లోతుకు దిగేది కాబట్టి కుండీలో పెంచి మార్చడం నాకు ఇష్టం లేదు. మొక్క నిలదొక్కుకున్నాక నీళ్లు తగ్గించాలి. రోజూ తడిపితే వేరు పైపైనే ఉండిపోతుంది. నీరు నిలిచే చోట అసలు పెట్టకూడదు.

పూసినప్పుడు దగ్గర నిలబడి చూడండి. ఈ పూలో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అదీ కేసరాల కొనన ఉన్న సన్నటి రంధ్రాల్లోంచే రావాలి. నల్ల తుమ్మెద వాలి, కేసరాలను పట్టుకుని ఒళ్లు అదిరేలా రొద చేస్తుంది. పుప్పొడి జల్లున రాలి దాని పొట్టకు అంటుకుంటుంది. ఆకు తినే పచ్చ పురుగు కనబడితే మందు కొట్టకండి. రేపు సీతాకోకచిలుకై ఎగిరేది అదే.

దారి పక్కనున్న పొదను మాత్రం పెకలించి తేవద్దు, వేరు తెగితే బతకడం కష్టం. నాలుగు కాయలు చాలు, మిగతావి కొమ్మకే వదిలేయండి. ఆ గుట్టకూ గింజలు కావాలి.