కుటుంబ నిర్మాణ చికిత్స: ఒక విమర్శ

ఒక బాలిక అన్నము మాని నానాటికి కృశించుచున్నది. వైద్యుడు ఆమెను మాత్రమే పరీక్షింపవలెనా, లేక ఇంటిల్లిపాదిని పిలిపింపవలెనా? ఇంటిల్లిపాదిని పిలువవలెనని వాదించిన వారిలో ముఖ్యుడు సాల్వడార్ మినూచిన్ (1921-2017). అర్జెంటైనాలో జన్మించిన ఈ మనోవైద్యుడు అమెరికాలోని విల్ట్విక్ పాఠశాలలో బీద కుటుంబముల బాలురతో పనిచేసి, 1965లో ఫిలడెల్ఫియాలోని శిశు చికిత్సాలయమునకు అధిపతి అయ్యెను. 1974లో వెలువడిన 'ఫ్యామిలీస్ అండ్ ఫ్యామిలీ థెరపీ' అను గ్రంథమున తన పద్ధతిని వివరించెను.

ఆయన దృష్టిలో కుటుంబము కొన్ని ఉపవ్యవస్థల కూర్పు. భార్యాభర్తలు ఒకటి, తలిదండ్రులు ఒకటి, తోబుట్టువులు ఒకటి. వీని నడుమ సరిహద్దులు స్పష్టముగా ఉండవలెను. అవి మరీ బిగిసినచో ఒకరి బాధ మరొకరికి తెలియదు. చెరిగిపోయినచో ఒకరికి తుమ్ము వచ్చిన అందరును ఉలికిపడుదురు. తలిదండ్రుల తగవులో బిడ్డ ఒక పక్షమున చేరుటయు చిక్కులకు మూలమే. పెద్దరికము వహించువారిలో అవ్వ ఉన్నను తప్పులేదు, బాధ్యతలు తేటగా ఉన్నచో చాలునని ఆయన చెప్పుట గమనింపదగినది.

చికిత్సకుడు మొదట ఆ కుటుంబపు మాటతీరులో ఒదిగి వారిలో ఒకడగును. పిమ్మట తగవును వర్ణింపవద్దని, తన యెదుటనే నడిపి చూపుడని కోరును. ఎవరి మాటకు ఎవరు అడ్డు వచ్చుచున్నారో కనిపెట్టి, కుర్చీలు మార్పించియైనను హద్దులు సరిదిద్దును. అన్నము మానిన పిల్లల విషయమున కుటుంబముతో కలిసి భోజనమునకు కూర్చుండి, బిడ్డచే తినిపించు భారమును తలిదండ్రులకే అప్పగించును. మాటలలో దాగినది చేతలలో బయటపడుననుటయే ఈ పద్ధతికి గల బలము.

బలహీనత నిదర్శనములలో ఉన్నది. 1978లో మినూచిన్, రోస్మన్, బేకర్ ప్రకటించిన గ్రంథము 53 మంది అనొరెక్సియా రోగులను గూర్చి తెలిపి, సుమారు 86 శాతము కోలుకొనిరని చెప్పినది. కాని పోల్చి చూచుటకు ఇతర చికిత్స పొందిన బృందము లేదు. అతిగా పెనవేసుకొనిన కుటుంబములే ఈ రోగమును పోషించునను వాదమునందును ఒక లోపమున్నది. బిడ్డ కృశించుట చూచిన తల్లి ఆమెను వదలక కనిపెట్టుకొని యుండుట సహజము. అది రోగమునకు కారణమా, ఫలితమా? చెట్టు ముందా, విత్తు ముందా అను ప్రశ్న ఇది. కుటుంబ చికిత్సలు స్త్రీ పురుషుల పాత పాత్రలనే బలపరచుచున్నవని రేచల్ హేర్ మస్టిన్ కూడ 1978లోనే ఎత్తిచూపెను.

1987లో లండనులోని మాడ్స్‌లీ ఆసుపత్రి పరిశోధకులు 80 మంది రోగులను యాదృచ్ఛికముగా విభజించి రెండు చికిత్సలను పోల్చిరి. అనొరెక్సియా చిన్న వయసున మొదలై, మూడేండ్లు నిండని వారికి వ్యక్తిగత చికిత్సకంటె కుటుంబ చికిత్స మేలు చేసినది. ఈ మార్గమున పెరిగిన నేటి పద్ధతి మినూచిన్ భోజనపు పీటను నిలుపుకొనినది. తలిదండ్రులపై నిందను విడిచినది. 2010లో భోజన రుగ్మతల అంతర్జాతీయ సంస్థ కూడ కుటుంబమే ప్రధాన కారణమను భావమును త్రోసిపుచ్చినది.

తడిగుడ్డ వేయగా జ్వరము తగ్గినంత మాత్రమున, తడిగుడ్డ లేకపోవుటయే జ్వరమునకు కారణమనలేము కదా! అట్లే కుటుంబము చికిత్సకు తోడ్పడినంతనే అది రోగకారణము కాజాలదు. ఈ భేదమును విద్యార్థులు తర్కపాఠముగా గ్రహింపవచ్చును. ఉపాధ్యాయులకు మాత్రము ఇది నిత్యవ్యవహారము. తరగతిలో ఒక బిడ్డ చిక్కిపోవుచుండగా తలిదండ్రులకు కబురు పంపుట మంచిదే. ఆ కబురు నేరారోపణ కారాదు, సహాయమునకు పిలుపు కావలెను. నింద పడిన తలిదండ్రులు వైద్యుని గడప త్రొక్కుటకు సంకోచింతురు. ఆ జాప్యమునకు మూల్యము చెల్లించునది బిడ్డయే.