సాపేక్షమైన శోకము: నాయకుడు పోయిన పిమ్మటి క్రైస్తవ కవిత్వము

నాయకుని గోల్పోయిన జనసమూహము ఏమి పాడును? మన వాఙ్మయములో ఈ ప్రశ్నకు అతి కఠినమైన సమాధానము మౌసలపర్వమున నున్నది. కృష్ణనిర్యాణానంతరము యాదవస్త్రీలను వెంటబెట్టుకొని పోవుచున్న అర్జునుని దొంగలు అడ్డగింతురు. గాండీవము నెక్కుపెట్టుటయే కష్టమగును, దివ్యాస్త్రములు స్మరణకు రావు, అక్షయతూణీరములు రిత్తవోవును. తిక్కన తెనిగించిన ఈ పర్వమును చదివినవానికి ఒక సంగతి స్పష్టము: ఆ బలము అర్జునునిది కాదు, పోయినవానిది.

అపోస్తలుల కార్యములలో కథ తలక్రిందుగా నడచును. గురువు సిలువపై మరణించునపుడు చెదరిపోయినవారు, ఆయన నెరుగనని ముమ్మారు బొంకిన పేతురు, పునరుత్థితుడైన గురువు మరల కన్నులకు మరుగైన పిమ్మటనే వీథికి వచ్చి నోరు విప్పుదురు. అంతకు ముందు ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు తమ ఆశను భూతకాలక్రియలో చెప్పుకొనుటను లూకా వ్రాసియున్నాడు. ఆ క్రియ భవిష్యత్తునకు మారుటయే క్రైస్తవ శోకసాహిత్యమునకు ఇతివృత్తము.

దీనిని కొలుచుటకు మన లాక్షణికులు పనిముట్టు నిచ్చియే యున్నారు, మనమే వాడుకొనలేదు. భరతుడు కరుణమును నిరపేక్షమనియు, విప్రలంభమును సాపేక్షమనియు వేరుపరచినాడు. తిరిగి కలయుదుమను అపేక్ష మొదటిదానిలో లేదు, రెండవదానిలో కలదు. లోకాంతరగతుడు మరల లభించుననెడి నమ్మకమున్నచోట అది కరుణవిప్రలంభమని సాహిత్యదర్పణమున విశ్వనాథుడు నిర్వచించి, కాదంబరిలోని మహాశ్వేతా పుండరీకుల వృత్తాంతము నుదాహరించినాడు. అది శృంగారభేదము గదా, గురుశిష్యులకెట్లు వర్తించునని అడుగవచ్చును. రసనామమును విడిచి ఆ అపేక్షను మాత్రము గైకొందము. భక్తిసాహిత్యము ఈ స్వేచ్ఛను ఎన్నడో తీసికొన్నది.

ఇది గ్రంథములలోని మాట మాత్రమే కాదు. డోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు 1945 జనవరి 1న మరణించిరి. తిరునెల్వేలి ప్రాంతపు తమిళులై యుండియు తెలుగు పల్లెలను తమ సొంతము చేసికొని, 1912లో ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైన వారాయన. 1919లో తరంగంబాడిలో తాము పూనుకొన్న సంఘైక్యమును కన్నులార చూడకయే పోయిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినది. నాయకుడు లేని ఆ దాదాపు రెండేండ్ల తొమ్మిది నెలలు గడచుటకు ఆధారమేమి? బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలపై తానే చేయి యుంచుకొని, సువార్త చాటు బాధ్యత తనదేయని పౌలు వలె ఒప్పుకొనవలెనని అజరయ్యగారు నియమము పెట్టియుండిరి. ఒప్పుకొన్నవారిలో అధికులు అక్షరమెరుగని మాల, మాదిగ వాడల జనులు. గాండీవము ఒక్కని చేతనే యుండలేదన్నమాట.

ఈ కొలతతో జాషువా కవిని చదువుదము. ‘బాపూజీ’ 1948లో, గాంధీజీ హత్యకు గురియైన యేటనే వెలసిన కావ్యము. పచ్చిశోకము అందు సహజము. అది నిరపేక్షమైనను తప్పు పట్టరాదు. ‘క్రీస్తు చరిత్ర’ సంగతి వేరు. కేంద్ర సాహిత్య అకాడమి 1964లో పురస్కరించిన ఈ కావ్యమునకు పునరుత్థానమే శిఖరము కావలసియున్నది. కాని కవి చేయి తిరిగినది కరుణమందు. అవమానితుని, అన్యాయముగ చంపబడినవానిని చిత్రించునపుడు ఆ పద్యమునకు గలుగు వేడి, మరణానంతర ఘట్టములందు కలుగదని నా అభిప్రాయము. ‘గబ్బిలము’ వ్రాసిన చేతికి ఇది దోషమనుటకంటె స్వభావమనుట న్యాయము. పైగా పద్యము ఒక్కని గొంతు; ఒక్కడు దుఃఖించుటకు చాలును, పదుగురు నిలదొక్కుకొనుటకు చాలదు.

ఆ పని కీర్తనకారులు చేసిరి. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు రాగతాళములతో కూర్చిన పాటలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటిలో చేరి సంఘారాధనలో నిలిచినవి. సాహిత్యచరిత్రలలో వీనికి లభించిన చోటు చాల కొంచెము. అన్నియు కవిత్వమని నేననను; ప్రాసకై పడిన పాట్లు, అన్వయక్లేశము చాలచోట్ల కలవు. అయినను వీని నిర్మాణమును చూడుడు. చరణము శోకమును ఎంత దూరము లాగికొనిపోయినను పల్లవి మరల రావలెను. ఆ రాకను పాడువారందరు ముందే యెరుగుదురు. అపేక్ష ఇచట భావమునకంటె ముందు రూపమందే యున్నది. కరుణరసమును వెదకుచు వచ్చిన విమర్శకునకు ఇవి చప్పగా తోచుటకు కారణమిదియే.

రాష్ట్రము వెలుపలి తెలుగువారికి ఈ తేడా మరింత ముఖ్యము. బస్తరులో గీదం నుండి బీజాపూరు మీదుగా భోపాలపట్నము పోవు బాటను తీసికొనుడు. పోనుపోను తెలుగు వినబడును. బడిలో మాత్రము హిందీ. అట్టిచోట ఒక చిన్న సంఘము తన పెద్దను మట్టిచేసి వచ్చినదనుకొందము. లిపి యెరుగని తెలుగువారికి ఆ సాయంకాలమున జాషువా కావ్యము చేతనున్నను లేకున్నను ఒక్కటే. నోటికి వచ్చిన కీర్తన యుండును. ఇన్నాళ్లు ముందు పాడినవాడే పోయినవాడైనచో, మరియొకడు పల్లవి నెత్తుకొనును. శ్రుతి కొంచెము తప్పవచ్చును.