ముళ్లపొదకు మేక మూతి

అనకాపల్లి జిల్లా ఎలమంచిలి చుట్టుపక్కల కొండవాలు పొదల్లో మేకల మంద దిగితే ఆకు తెగే చప్పుడు దూరానికే వినిపిస్తుంది. గొర్రె తలవంచి గడ్డి మేస్తుంది, మేక చూపు మాత్రం పైకే. వెనక కాళ్ల మీద నిలబడి, చురుగ్గా కదిలే పై పెదవితో రేగుముళ్ల మధ్య నుంచి ఆకునొక్కదాన్నే లాగేస్తుంది. ముల్లు ముల్లుగానే మిగులుతుంది.

ఎంత మేసినా ఆ పనికి లెక్క పెట్టేది కాపరే. అందని కొమ్మను కొడవలి కట్టిన దోటితో దించుతాడు, లేత మొక్కల వైపు పోయే మేకను ఒక్క అదిలింపుతో మళ్లిస్తాడు. ఒకసారి మేపితే పొద చావదు, మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగురును పదేపదే కొరికిస్తేనే వేరులో దాచుకున్న బలం తరుగుతుంది. ఎప్పుడు తిరిగి రావాలో తెలియడమే అసలు విద్య.

సర్కారు తుమ్మ దగ్గర మరీ జాగ్రత్త. దాని తీపి కాయలంటే మేకకు ప్రాణం. గింజలేమో అరగకుండా పెంటికల్లో బయటపడి మొలుస్తాయి. అందుకే కాయలు రాలే కాలంలో మందను అటు పోనివ్వకూడదు. లాంటానా అయితే విషమే, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని మనిషే కొట్టాలి.

2009లో గూగుల్ కాలిఫోర్నియాలోని తన ప్రధాన కార్యాలయం దగ్గర కలుపు మేయడానికి సుమారు 200 మేకలను అద్దెకు తెప్పించుకుంది. అక్కడ అది వార్త! ఇక్కడ పొద తగ్గుతుంది, పెంటికల ఎరువు మిగులుతుంది, కాపరికి మాత్రం చాలాసార్లు పైసా రాదు. పొదల బాధ ఉన్న తోట యజమానులు మందను కూలి ఇచ్చి పిలవడమే న్యాయం.