పెడలు ఇరుసు, దాని మీద పాదం

సైకిలు కొనేటప్పుడు జనం గేర్లు చూస్తారు, బ్రేకులు చూస్తారు, సీటు నొక్కి చూస్తారు. పెడళ్ల మాట ఎవరూ ఎత్తరు. షాపులో ఏవి బిగించి ఇస్తే అవే. నిమిషానికి 60 చుట్ల చొప్పున గంటసేపు తొక్కితే ఒక్కో కాలు 3600 సార్లు పెడలును నొక్కుతుంది. అరికాలు మండినా, మోకాలు నొప్పెట్టినా సీటును తిట్టుకునే ముందు ఓసారి వంగి పెడలును చూడాలి.

మన ఊళ్లలో తిరిగే పాత నల్ల సైకిలు పెడలునే విప్పి చూద్దాం. నడుమ ఉక్కు ఇరుసు. దాని ఒక కొసన ఉన్న మర క్రాంకులో బిగుస్తుంది. ఇరుసు చుట్టూ రెండు వరసల్లో బాల్స్ ఉంటాయి. లోపలి వరస ఇరుసులోనే మలిచిన కోను మీద దొర్లుతుంది, బయటి వరస మర తిప్పి జరిపే విడి కోను మీద. ఆ కోను మీద వాషరు, వాషరు మీద లాక్ నట్టు, అన్నిటి మీదా దుమ్ము పడకుండా చిన్న మూత. కోను ఎక్కువ బిగిస్తే పెడలు గరగరలాడుతుంది, వదులైతే లొడలొడలాడుతుంది. ఈ రెంటికీ మధ్య సరైన చోటు వెంట్రుకవాసి. చేయి తిరిగిన మెకానిక్ దాన్ని వేళ్లతోనే పసిగడతాడు. అయితే అలా పట్టుకున్న చోటు లాక్ నట్టు బిగించేటప్పుడు చెడిపోకూడదు కదా! అందుకే వాషరుకు లోపలి అంచున చిన్న నాలుక పెట్టారు. అది ఇరుసు మీది గాడిలో కూర్చుంటుంది. నట్టు ఎంత తిరిగినా వాషరు తిరగదు, కింద కోను కదలదు. పెడలు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఆ నాలుకే.

ఇంతకన్నా లోతైన ఆలోచన మరలో ఉంది. కుడి పెడలుకు మామూలు మర, ఎడమ పెడలుకు ఎడమవైపు తిప్పితే బిగిసే ఎడమ మర. ఎందుకంటే మన బరువు ఎప్పుడూ కిందికే పడుతుంది, క్రాంకు మాత్రం తిరుగుతూ ఉంటుంది. దాంతో ఇరుసు క్రాంకు రంధ్రం గోడను ఒక్కచోటే నొక్కదు. ఆ ఒత్తిడి గోడ చుట్టూ తిరిగి వస్తుంది. రంధ్రంలో వెంట్రుకంత సందు ఉన్నా చాలు, ఇరుసు ఆ గోడ మీద దొర్లుతుంది. పిడికిట్లో పెన్సిలు వదులుగా పట్టుకుని, బయటి కొసను గుండ్రంగా తిప్పి చూడండి. కొస ఒకవైపు తిరుగుతుంటే పెన్సిలు పిడికిట్లో రెండోవైపు తిరుగుతుంది. ఆ దొర్లుడు పెడలును విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఉండేలా మరను ఎంచారు. బాల్స్ రాపిడి దీనికి ఎదురు లాగుతుంది కానీ, దొర్లుడు ముందు దాని బలం చాలదు. ఎప్పుడైనా బాల్స్ పూర్తిగా పట్టేస్తే మాత్రం పెడలు దానంతటదే విప్పుకుంటుంది. అలా కాకుండా గట్టిగా బిగుసుకుపోతే విరిగేది మన చీలమండ. 1900లో అమెరికాలోని డేటన్‌లో రైట్ సోదరులు తమ సైకిళ్లకు ఈ ఎడమ మర వాడారు. విమానం వాళ్ల చేతుల్లో ఎగిరింది ఆ తర్వాత మూడేళ్లకు.

ఇక పాదం. బొటనవేలి మొదట్లో అరికాలి వైపు ఉబ్బెత్తుగా ఉండే ఎముక ఇరుసుకు సరిగ్గా పైన గానీ, ఇరుసుకు కాస్త ముందు గానీ ఉండాలి. వేళ్లతో తొక్కితే మడమ కిందికి జారకుండా పిక్క క్షణం తీరిక లేకుండా లాగిపట్టాలి. మడమ వెనక స్నాయువు దెబ్బతినేది అక్కడే. పాదం నడుమ భాగంతో తొక్కితే పిక్కకు విశ్రాంతే కానీ, చీలమండ సాయం పోతుంది, చిన్న ఫ్రేము సైకిలైతే మలుపులో బూటు ముందు చక్రానికి తగులుతుంది. పాదం ముందుకు జరిగితే సీటు కూడా కాస్త దించాలి. అరికాలి మంటకు కారణం చాలాసార్లు బూటు అడుగున ఉండే మెత్తని అట్ట. బరువంతా వేళ్ల ఎముకల దగ్గర ఒక్కచోట పడి, వాటి మధ్య నరాలు నలుగుతాయి. గట్టి అట్ట, వెడల్పు పెడలు ఉంటే ఆ బరువు పరుచుకుంటుంది.

మోకాలి సంగతి వేరు. చాలామంది పాదాలు సహజంగానే కాస్త బయటికి తిరిగి ఉంటాయి. వాటిని బలవంతాన తిన్నగా బంధిస్తే ఆ మెలి మోకాలికి ఎక్కుతుంది. స్కీలకు బూట్లు బిగించే కట్లు చేసే ఫ్రెంచి కంపెనీ లుక్ 1984లో బూటును పట్టి ఉంచే పెడలు తెచ్చింది. మరుసటేడు బెర్నార్ ఇనో దానితోనే టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచాడు. పాదం కదలని పట్టు మోకాళ్లకు పడదని తెలిశాక, పట్టులోనే కొంత ఆట ఉంచారు. షిమానో రోడ్డు పెడళ్లలో, బూటు అడుగున బిగించే పసుపు బిళ్లకు 6 డిగ్రీలు, నీలానికి 2, ఎరుపుకు సున్నా. మోకాళ్లు ఇబ్బంది పెట్టేవాళ్లు పసుపుతో మొదలుపెట్టడం మేలు. నల్ల సైకిలు రబ్బరు పెడలులో ఈ ఆటకు హద్దే లేదు. పైగా అటు తిరగేసినా ఇటు తిరగేసినా ఒకటే, చెప్పుకైనా ఒట్టి కాలికైనా పనికొస్తుంది. పొలానికో ఆఫీసుకో వెళ్లేవాళ్లకు దాన్ని మించింది లేదని నా అభిప్రాయం.

రేపు సైకిలు తీసేముందు ఓ పని చేయండి. గోడకు ఆనుకుని సీటెక్కి, కింద ఉన్న పెడలు మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా చాపుకోవాలి. ఆపైన మడమకు బదులు బొటనవేలి మొదలు పెడితే మోకాలు కొద్దిగా వంగుతుంది. అలా వంగకపోతే సీటు దించండి, మరీ వంగితే ఎత్తండి. పెడలు వదులైతే స్పానరును ఇరుసుకు పైవైపు నిలిపి ముందు చక్రం వైపు లాగండి. రెండు పెడళ్లూ అలాగే బిగుస్తాయి.